రంగేసి నిలబెడితే సరిపోదు: ఉప్పుగాలి ఊళ్లో పాత రైలింజన్ల సంరక్షణ

స్టేషన్ ముందో, రైల్వే ఆఫీసు ఆవరణలోనో సిమెంటు దిమ్మె మీద నిలబెట్టిన పాత ఆవిరి ఇంజన్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నల్లరంగు నిగనిగలాడుతూ ఉంటుంది. చక్రాల అంచులకు తెల్లరంగు, బఫర్ల దూలానికి ఎర్రరంగు. పిల్లల్ని ముందు నిలబెట్టి ఫొటోలు తీసుకుంటారు. ఇంజన్ భద్రంగానే ఉందనిపిస్తుంది. నిజానికి ఆ రంగు చెప్పే సంగతి ఒక్కటే, ఈమధ్య ఎవరో రంగేశారని. బాయిలర్ అడుగున రేకు ఎంత మందం మిగిలిందో, ఇరుసుల మీద తుప్పు గుంటలు పడ్డాయో లేదో, సిలిండర్‌లో పిస్టన్ ఇంకా కదులుతుందో బిగుసుకుపోయిందో రంగు చెప్పదు.

పాత ఇంజన్లని దాచి ఉంచే యార్డ్ అనగానే కాపాడటం ఒక పని, అవసరమైనప్పుడు అటూ ఇటూ జరపటం ఇంకో పని అనుకుంటాం. ఆ పనిలో ఉన్నవాళ్లు అలా అనుకోరు. కదిలే స్థితిలో ఉంచడమే సంరక్షణ. చక్రాలు తిరగని రోజు వచ్చిందంటే, దాని సంరక్షణ అంతకు చాలా ముందే ఆగిపోయిందని లెక్క. విశాఖపట్నంలో అలాంటి యార్డ్ పెట్టాలంటే ఈ మాట మరీ నిజం, ఎందుకంటే ఇక్కడి గాలి ఆగి ఉన్న ఇనుముని ఊరికే వదలదు.

ఉప్పు చేసే పని

ఇనుము తుప్పు పట్టడానికి తేమ, గాలి ఉంటే చాలు. విశాఖలో వాటికి ఉప్పు తోడవుతుంది. సముద్రపు గాలిలో కొట్టుకొచ్చే సన్నటి ఉప్పు రేణువులు రేకుల మీద, రివెట్ల చుట్టూ, బోల్టుల సందుల్లో పేరుకుంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమని లాక్కుని తానే నీరైపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కి అంత తేమ కూడా అక్కర్లేదు. వానాకాలంలో వంటింట్లో ఉప్పుడబ్బా చెమర్చినట్టే ఇంజన్ ఒళ్లు కూడా ఏడాదిలో చాలా రోజులు చెమరుస్తూ ఉంటుంది. వాన చినుకు పడకపోయినా రేకు మీద పల్చటి ఉప్పునీటి పొర ఉంటుంది. దాని మీద పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు పొడి, ఖనిజపు దుమ్ము వాలతాయి. దుమ్ము తనంతట తాను ఇనుముని పెద్దగా తినకపోవచ్చు గానీ, ఆ తడిని ఆరనివ్వదు.

అందుకే తీరం దగ్గర ఇంజన్‌కి రంగేసే పని రంగుతో కాదు, నీళ్లతో మొదలవ్వాలి. మంచినీళ్లతో ఒత్తిడి పెట్టి కడగాలి, తుప్పు గీకాలి, మళ్లీ కడగాలి, ఆ తర్వాత రేకు మీద ఉప్పు మిగిలిందేమో పరీక్షించాలి. ఓడల మరమ్మతుల్లో ఈ పరీక్ష మామూలే. చిన్న జిగురు పట్టీని రేకుకి అతికించి, దాని లోపలికి సిరంజితో శుద్ధమైన నీళ్లు ఎక్కించి, తిరిగి లాగి, ఆ నీళ్లలోకి ఉప్పు ఎంత దిగిందో మీటరుతో చూస్తారు. ఉప్పు మిగిలుండగానే రంగేస్తే, ఆ ఉప్పు రంగుపొర గుండా తేమని లోపలికి లాగుతుంది. కొన్నాళ్లకే బొబ్బలు లేస్తాయి. బొబ్బని చిదిపితే లోపల నీళ్లు. హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఉన్న ఊళ్లో ఈ విద్య తెలిసినవాళ్లకి కొదవ లేదు. రైలింజన్ దగ్గరికి కూడా వాళ్లని పిలవొచ్చన్న ఆలోచన రావాలంతే.

భారీ యంత్రాన్ని కదిపి నిలబెట్టడం విశాఖకి కొత్తేం కాదు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధుల నుంచి తప్పుకున్న కురుసుర జలాంతర్గామిని సముద్రంలోంచి ఒడ్డుకి లాగి, కాంక్రీటు పునాది మీదికి చేర్చి, 2002లో మ్యూజియంగా తెరిచారు. 91 మీటర్ల పొడవున్న ఉక్కు ఒళ్లు అది. 2017లో నౌకాదళపు టీయూ-142 నిఘా విమానాన్ని కూడా విడదీసి, బీచ్‌రోడ్డుకి తెచ్చి, మళ్లీ బిగించి నిలబెట్టారు. అయితే వాటికీ రైలింజన్‌కీ ఒక తేడా ఉంది. ఆ జలాంతర్గామి మళ్లీ నీళ్లలోకి దిగదు, ఆ విమానం ఎగరదు. పైపొట్టు నిలిస్తే చాలు, వాటి కథ చెప్పుకోవచ్చు. రైలింజన్‌కి మాత్రం పట్టాలు వేసి ఉంచితే మళ్లీ కదిలే అవకాశం మిగిలే ఉంటుంది. దిమ్మె కట్టి ఆ అవకాశాన్ని మనమే కొట్టేస్తున్నాం.

స్మోక్‌బాక్స్ అడుగున

ఆవిరి ఇంజన్ ముఖాన గుండ్రటి తలుపు ఉంటుంది. అది తీస్తే కనబడేది స్మోక్‌బాక్స్. ఫైర్‌బాక్స్‌లో మండిన బొగ్గు పొగ ట్యూబుల గుండా ఇక్కడికి చేరి, చిమ్నీలోంచి బయటికి పోతుంది. చివరిసారి ఇంజన్ ఆపినప్పుడు ఈ గది ఊడ్చకపోతే బూడిద, సగం కాలిన బొగ్గు నలుసులు అడుగున అలాగే ఉండిపోతాయి. బొగ్గులో గంధకం ఉంటుంది. మూత లేని చిమ్నీలోంచి వాన నీళ్లు ఆ బూడిద మీద పడితే పల్చటి యాసిడ్ తయారవుతుంది. అది కారిపోయే దారి ఉండదు. అడుగు రేకుని అలా నానబెడుతూ ఉంటుంది. బయట నుంచి చూస్తే స్మోక్‌బాక్స్ గుండ్రంగా, నల్లగా, బ్రహ్మాండంగా ఉంటుంది. లోపలికి వంగి, బూడిద పక్కకి తోసి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మొన అవతలికి దిగిపోతుంది. పావురాల గూళ్లు, తడిసిన పుల్లలు ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

దీనికి మందు ఖరీదైనదేం కాదు. ఇంజన్ని ఆపిన రోజే స్మోక్‌బాక్స్, ఫైర్‌బాక్స్, దాని కింద బూడిద పడే ఆష్‌పాన్ మూడూ చీపురు పెట్టి ఊడ్చేయాలి. చిమ్నీకి టార్పాలిన్ కట్టడం కాదు, బోల్టులతో బిగించే రేకుమూత పెట్టాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లకి టార్పాలిన్ ఎందుకు చాలదో వేరే చెప్పక్కర్లేదు.

బాయిలర్ విషయం ఇంకొంచెం చిక్కు. వాడకుండా ఉంచాలంటే రెండే పద్ధతులు. పూర్తిగా ఖాళీ చేసి, ఎండబెట్టి, లోపల సున్నమో సిలికా జెల్లో పళ్లేల్లో పెట్టి, గాలి చొరకుండా మూసేయడం ఒకటి. లేదంటే మందు కలిపిన క్షారగుణం గల నీళ్లతో గాలి బుడగ కూడా మిగలకుండా పైదాకా నింపేయడం. సగం నీళ్లు, సగం గాలి ఉంచితే మాత్రం ఆ నీటి అంచున గీత గీసినట్టు రేకు తినేస్తుంది. తీరంలో ఎండబెట్టే పద్ధతి పెట్టుకుంటే పళ్లేల్లో మందు తరచూ మార్చుతూ ఉండాలి, లేకపోతే నెలకే అది తడి పీల్చి పనికిరాకుండా పోతుంది. ఇక నీళ్ల సంగతి. సముద్రానికి దగ్గర్లో బోరు నీళ్లు బాయిలర్‌లో పోయడమంటే తెలిసి తెలిసి ఉప్పు పోసినట్టే. ఇంజన్ని మళ్లీ కాచే ఉద్దేశం ఉంటే శుద్ధి చేసిన నీటి ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

బాయిలర్ చుట్టూ వేడి బయటికి పోకుండా చుట్టిన పాత లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. అది ఊపిరితిత్తులకి ప్రమాదం కాబట్టి ఎవరు పడితే వాళ్లు పీకకూడదు. పీకకుండా వదిలేస్తే అది స్పాంజిలా తడి పట్టుకుని బాయిలర్ రేకుని బయటివైపు నుంచి తినిపిస్తుంది. ఈ పని ఎవరితో చేయించాలన్నది ఇంజన్ రాకముందే తేల్చుకోవాల్సిన విషయం. ఇంజన్ వచ్చాక ఆలోచిస్తే ఏళ్లు గడిచిపోతాయి.

మళ్లీ ఆవిరి పుట్టించాలంటే ముందు అల్ట్రాసోనిక్ యంత్రంతో రేకుల మందం చోటుచోటునా కొలవాలి. ఆ తర్వాత హైడ్రాలిక్ పరీక్ష. డబ్ల్యూజీ, డబ్ల్యూపీ తరగతి (బ్రాడ్‌గేజ్ గూడ్స్, ప్యాసింజర్) ఆవిరి ఇంజన్లు పనిచేసే ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు. పరీక్షలో అంతకు మించి పెట్టి చూస్తారు, అదీ చల్లటి నీళ్లతో. నీళ్లు పెద్దగా కుదించుకుపోవు, కాబట్టి రేకు ఎక్కడైనా చీలితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, అంతే. అదే చోట ఆవిరి ఉంటే చీలిక పేలుడవుతుంది. పరీక్ష నెగ్గిన బాయిలర్‌ని కూడా ఒక్కపూటలో కాచేయకూడదు. మందపాటి రేకు, సన్నటి ట్యూబులు ఒకే వేగంతో వ్యాకోచించవు, తొందరపెడితే ట్యూబుల చివర్లు కారడం మొదలెడతాయి. సాయంత్రం చిన్న మంట పెట్టి రాత్రంతా మెల్లగా వేడెక్కనివ్వడం పాత షెడ్ల అలవాటు. సరదాకి పుట్టిన అలవాటు కాదది.

ఇరుసు పెట్టె తెరిచి చూస్తే

పాత ఇంజన్ని ఒక చోటు నుంచి ఇంకో చోటికి తరలించేటప్పుడు అందరి కళ్లూ బాయిలర్ మీదే ఉంటాయి. దారిలో మొరాయించేది మాత్రం ఇరుసు పెట్టె. చాలా పాత ఇంజన్లలో రోలర్ బేరింగులు ఉండవు. ఇరుసు చివర నున్నటి భాగం మీద మెత్తటి తెల్లలోహం పోసిన ఇత్తడి బేరింగ్ కూర్చుని ఉంటుంది. ఇంజన్ బరువంతా దాని మీదే. కింద నూనెలో తడిసిన ఉన్ని దిండు ఇరుసుని ఎప్పుడూ తడుపుతూ ఉండాలి. ఇంజన్ ఏళ్ల తరబడి ఆగిపోతే నూనె కారిపోతుంది. దాని చోటులోకి నీళ్లు చేరతాయి. ఇరుసు మీద నూనె లేని చోట తుప్పు గుంటలు పడతాయి. అలాంటి ఇంజన్ని నేరుగా లాగితే ఆ గరుకు ఇరుసు తెల్లలోహాన్ని ఆకురాయి పెట్టినట్టు గీకేస్తుంది. కొద్ది కిలోమీటర్లకే పెట్టెలోంచి పొగ. రైల్వేలో దాన్ని హాట్ యాక్సిల్ అంటారు, ఆ మాట వింటే ఏ కంట్రోల్ రూమ్‌కైనా టెన్షనే.

అందుకే లాగే ముందు ప్రతి ఇరుసు పెట్టె అడుగు విప్పాలి. దిండు తీసి పిండితే వచ్చేది నూనా నీళ్లా అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది. గుడ్డతో ఇరుసు తుడిచి గోటితో గీస్తే, గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ ఇరుసుని వర్క్‌షాప్‌లో నునుపు చేయాల్సిందే. కొత్త దిండు నూనెలో బాగా నానబెట్టి పెట్టాలి. ఇరుసు లోపలి పగుళ్లు కంటికి కనబడవు, వాటికి అల్ట్రాసోనిక్ పరీక్ష ఉంది. ఇదంతా అయ్యాక కూడా బండి ఆగిన చోటల్లా దిగి ప్రతి పెట్టె మీద చెయ్యి పెట్టి చూడాల్సిందే. అరచెయ్యి కాదు, చేతి వెనక భాగం. కాలితే చెయ్యి తనంతట తానే వెనక్కి పోతుంది.

లాగేటప్పుడు ఆవిరి లేని ఆవిరి ఇంజన్, అంటే రైల్వేవాళ్ల మాటలో డెడ్ ఇంజన్, మామూలు వ్యాగన్‌లా దొర్లుతుందనుకోవడం పొరపాటు. చక్రాలు తిరిగితే కనెక్టింగ్ రాడ్ పిస్టన్‌ని కూడా లాగుతుంది. ఆవిరి నడిచేటప్పుడు ఆవిరితోపాటే సిలిండర్‌కి నూనె అందే పద్ధతి చాలా ఇంజన్లలో ఉంది. డెడ్ ఇంజన్‌కి ఆ నూనె రాదు. పైగా సిలిండర్ పంపులా మారి, వాడిన ఆవిరిని చిమ్నీలోకి వదిలే బ్లాస్ట్ పైపు గుండా స్మోక్‌బాక్స్ బూడిదని లోపలికి పీలుస్తుంది. నూనె లేదు, బూడిద ఉంది. రింగులు, సిలిండర్ గోడలు గీసుకుపోవడానికి ఇంకేం కావాలి? యార్డ్ లోపల కాస్త దూరం జరపాలంటే సిలిండర్ కాక్‌లు (నీళ్లు వదిలే కుళాయిలు) తెరిచి, చేత్తో నూనె పోసి మెల్లగా లాగొచ్చు. వందల కిలోమీటర్లంటే కనెక్టింగ్ రాడ్లు విప్పేయాలి, పిస్టన్ రాడ్‌ని వాటికి కలిపే క్రాస్‌హెడ్ కదలకుండా కట్టేయాలి. రాడ్లు తీసేశాక చక్రాల్లోని కౌంటర్‌వెయిట్లకి జోడీ పోతుంది. వేగం పెరిగితే చక్రం పట్టాని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. అందుకే వేగానికి గట్టి పరిమితి పెడతారు. విప్పిన రాడ్ల మీద నంబర్లు వేసి, గ్రీజు పూసి, ఇంజన్‌తోపాటే పంపాలి. వేరే లారీలో పంపిన రాడ్డు వేరే చోటే ఉండిపోయిన కథలు ఈ రంగంలో మామూలే.

బ్రేకులు, కప్లింగ్‌లది మరో గొడవ. ఆవిరి ఇంజన్లది వాక్యూమ్ బ్రేక్. ఇప్పుడు నడిచే బండ్లన్నీ ఎయిర్ బ్రేక్. పాత ఇంజన్‌కి బఫర్లు, స్క్రూ కప్లింగ్. ఇప్పటి ఇంజన్లకి సెంటర్ బఫర్ కప్లర్. రెండూ నేరుగా కలవవు, మధ్యలో రెండు రకాల ఏర్పాటూ ఉన్న వాహనమో, మార్పిడి కప్లింగో కావాలి. పాత ఇంజన్ మీద బ్రేకులు పనిచేయవు కాబట్టి బ్రేకున్న వాహనం దాని వెనక కూడా ఉండాలి. లేకపోతే దిగుడులో కప్లింగ్ తెగితే ఆపే నాథుడు ఉండడు. టెండర్‌తో (వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) కలిపి డబ్ల్యూజీ ఇంజన్ బరువు 170 టన్నుల పైనే. ఇంకొంచెం పాత చరిత్రలోకి పోతే, ఒకప్పుడు వాల్తేరు (విశాఖకి రైల్వేలో పాతపేరు) దాకా బండ్లు నడిపిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకి ఎన్ తరగతి గారట్ ఇంజన్లు (మధ్యలో బాయిలర్, ముందూ వెనకా చక్రాల జట్లు ఉన్నవి) ఉండేవి. ఒక్కోటి 234 టన్నులు. వాటిలో 815 నంబరుది ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఉంది. అంత బరువు ఒకసారి దొర్లడం మొదలెడితే నలుగురు మనుషులు ఆపేది కాదు.

యార్డ్ లోపల కూడా షంటింగ్ నిబంధనలు ఊరికే లేవు. గంటకి 15 కిలోమీటర్లు దాటకూడదు. పాత ఇంజన్ల విషయంలో మనిషి నడక వేగమే మేలు. నిలబెట్టాక హ్యాండ్ బ్రేక్ ఒక్కటే నమ్ముకోకుండా చక్రాల కింద చెక్క వెడ్జిలు పెట్టి, గొలుసుతో పట్టాకి కట్టాలి. పెద్ద ఇంజన్‌కి కదలని చక్రాల వరస పొడవు ఎక్కువ. సన్నటి వంపులో, పాత పాయింట్ల (పట్టాలు మారే చోట్ల) మీద అది పట్టాని పక్కకి నెడుతుంది. యార్డ్ వేసేటప్పుడు వంపులు ఎంత సడలిస్తే తర్వాత అంత సుఖం.

నెలకోసారైనా ప్రతి ఇంజన్ని జరపాలన్నది మంచి నియమం. ఎంత జరపాలన్నదే అసలు కిటుకు. డబ్ల్యూపీ ఇంజన్ పెద్ద చక్రం వ్యాసం 1,702 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 5.35 మీటర్ల దాకా. షంటింగ్ చేసేవాడు సరిగ్గా ఐదు మీటర్ల ముప్ఫై ఐదు సెంటీమీటర్లు జరిపి చక్కగా ఆపేస్తే, చక్రం ఒక చుట్టు తిరిగి మళ్లీ పాత చోటే బేరింగ్ కింద కూర్చుంటుంది. పని చేసినట్టూ ఉంటుంది, ప్రయోజనమూ ఉండదు. పావు చుట్టు, అంటే సుమారు 1.3 మీటర్లు అదనంగానో తక్కువగానో ఆగాలి. చక్రం మీద సుద్దముక్కతో గీత గీసి, నెల నెలా ఆ గీత ఎక్కడుందో రిజిస్టర్‌లో రాస్తే చాలు. ఇంతకంటే చవకైన సంరక్షణ ఇంకోటి లేదు. దిమ్మె మీద ఉన్న ఇంజన్‌కి మాత్రం ఇది కూడా కుదరదు.

పట్టాలు లేని చోటి నుంచి ఇంజన్ని తేవాలంటే రోడ్డే దిక్కు. టెండర్ విడదీసి, హైడ్రాలిక్ జాకీలతో కొద్దికొద్దిగా ఎత్తి, చెక్క దిమ్మెలు పేర్చి, బహుళ ఇరుసుల ట్రైలర్ మీదికి తాత్కాలిక పట్టాల మీదుగా లాగుతారు. క్రేన్లతో ఎత్తితే బెల్టులు ఫ్రేమ్ కింద నుంచే పోవాలి, బాయిలర్‌కి చుట్టి ఎత్తారంటే ఆ బాయిలర్ మీద ఆశ వదులుకోవాల్సిందే. పర్లాకిమిడి లైట్ రైల్వే లాంటి రెండున్నర అడుగుల నేరోగేజ్ లైన్ల ఇంజన్లు ఈ పనికి చాలా అనువు. 1900లో మొదలై నౌపడా నుంచి గుణుపూర్ దాకా సాగిన ఆ లైన్ అప్పట్లో వాల్తేరు డివిజన్‌దే, 2004లో నేరోగేజ్ ఆగిపోయి తర్వాత బ్రాడ్‌గేజ్ అయింది. ఉత్తరాంధ్ర యార్డ్‌లో మొదట చోటివ్వాల్సింది అలాంటి చిన్న ఇంజన్‌కే. చిన్న షెడ్డు, చిన్న లూప్, చిన్న బాయిలర్, చిన్న ఖర్చు.

విశాఖకి సొంతమైన ఇంజన్లు

హెరిటేజ్ అంటే పొగే గుర్తొస్తుంది జనానికి. విశాఖ రైల్వే చరిత్రలో అసలు ప్రత్యేకత మాత్రం డీజిల్, ఎలక్ట్రిక్ ఇంజన్లది. బైలడిలా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి ఎగుమతి చేయడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ లైన్, తూర్పు కనుమల్లో 58 సొరంగాలు దాటుకుంటూ శిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. ఆ ఖనిజం బండ్ల కోసమే ఇక్కడ డీజిల్ షెడ్ పెరిగింది. 1980ల మొదట్లో లైన్ విద్యుదీకరణ అయ్యాక ఎలక్ట్రిక్ షెడ్ వచ్చింది. 1987–88లో విదేశాల నుంచి వచ్చిన డబ్ల్యూఏజీ-6 రకం ఎలక్ట్రిక్ ఇంజన్లు మొత్తం 18. ఆరు స్వీడన్ ఏసియా కంపెనీవి, రెండు రకాలుగా ఆరేసి చొప్పున జపాన్ హిటాచీవి. ఖనిజం జపాన్‌కి పోయిన దారిలోకే జపాన్ ఇంజన్లు పనికి రావడం కాస్త తమాషాగానే ఉంటుంది. దేశంలో ఇంకెక్కడా లేని ఈ తరగతులకి ఇల్లుగా ఉండేది వాల్తేరు షెడ్డే.

కాపాడటానికి ఇవే అందరికంటే కష్టమైన ఇంజన్లు కూడా. రేకూ, రివెట్టూ ఉన్న ఆవిరి ఇంజన్‌కి ఏ భాగం పోయినా మంచి ఫౌండ్రీ, మంచి మెషిన్ షాప్ ఉంటే కొత్తది చేసుకోవచ్చు. థైరిస్టర్లు (కరెంటుని అదుపు చేసే పరికరాలు), ఎలక్ట్రానిక్ కార్డుల మీద నడిచే ఇంజన్‌కి అలా కుదరదు. ఒక రకం ఆరే వచ్చాయంటే, ఒకటి నడవాలంటే మిగతా వాటిలోంచి పీకడమే. మళ్లీ నడిపిస్తామన్న మాట వీటి విషయంలో ఎవరూ ఇవ్వకపోవడమే నిజాయతీ. క్యాబ్, కంట్రోల్ ప్యానెల్, ట్రాన్స్‌ఫార్మర్ చెక్కుచెదరకుండా ఉంచి, చక్రాలు తిరిగేలా ఉంచితే అదే పెద్ద విజయం.

డబ్ల్యూడీఎం-2 లాంటి ఆల్కో డీజిల్ ఇంజన్లది ఇందుకు పూర్తిగా వేరే కథ. 1962 నుంచి దేశంలోకి వచ్చి, తర్వాత వారణాసిలో తయారై, 2,600 పైచిలుకు నడిచాయి. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. విడిభాగాలు ఇంకా దొరుకుతాయి, వాటి మీద చెయ్యి తిరిగిన ఫిట్టర్లు విశాఖలో ఇప్పటికీ ఉన్నారు. ఒక ముసలి ఇంజన్ని నిజంగా నడిపి చూపించాలంటే విశాఖ యార్డ్‌కి తేలికైనది, చవకైనది ఆల్కోనే. ఈ మాట ఆవిరి అభిమానులకి నచ్చకపోవచ్చు.

నెలల తరబడి ఆగిన ఆల్కోని మాత్రం బటన్ నొక్కి స్టార్ట్ చేయకూడదు. సిలిండర్ లైనర్ల రబ్బరు సీళ్లు ఎండి, కూలింగ్ నీళ్లు చుక్క చుక్కగా సిలిండర్‌లోకి దిగి ఉండొచ్చు. నీళ్లు కుదించుకోవు. పిస్టన్ పైకొచ్చి ఆ నీళ్లని గుద్దితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే ముందు లూబ్ ఆయిల్ పంపుతో బేరింగులకి నూనె ఎక్కించి, ప్రతి సిలిండర్‌కీ ఉండే ప్లగ్ తెరిచి, క్రాంక్‌షాఫ్ట్‌ని బార్ పెట్టి చేత్తో తిప్పాలి. పదహారు రంధ్రాల దగ్గరా మనిషి కన్ను ఉండాలి. ఒక రంధ్రంలోంచి ఫుస్సుమని గాలి బదులు నాలుగు నీటి చుక్కలు చిమ్మితే ఆ రోజు ఇక స్టార్ట్ చేయడం లేదని అర్థం. ఆ నాలుగు చుక్కలే ఇంజన్ని కాపాడాయని కూడా అర్థం.

చక్రాల్ని తిప్పే ట్రాక్షన్ మోటార్ల సంగతికొస్తే, విశాఖ తేమలో ఇన్సులేషన్ బలహీనపడుతుంది. దాన్ని కొలిచే మెగ్గర్ మీటరు పెట్టి చూసి, రీడింగ్ పడిపోతే బల్బులు గానీ హీటర్లు గానీ పెట్టి ఆరబెట్టి, మళ్లీ చూడాలి. డీజిల్ అయినా ఎలక్ట్రిక్ అయినా డెడ్‌గా లాగేటప్పుడు చక్రాలతోపాటు మోటార్ల ఆర్మేచర్లు (లోపల తిరిగే భాగాలు) కూడా తిరుగుతాయి. మోటార్లని సర్క్యూట్ నుంచి తప్పించకపోతే అవి జనరేటర్లై కరెంటు పుట్టించి తమనే కాల్చుకునే ప్రమాదం ఉంది.

దొంగలు, ముసలి చేతులు

తుప్పు తర్వాతి శత్రువు దొంగ. పాత ఇంజన్లో ఇత్తడి, రాగి ఎక్కువ. గేజీలు, ఇంజెక్టర్లు, నూనె పైపులు, మోటార్ కేబుళ్లు. 1855లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ ఆవిరి ఇంజన్‌కే ఈ గతి తప్పలేదు. 1997లో అట్టహాసంగా మళ్లీ నడిచిన ఆ ఇంజన్, 2011 నాటికి విడిభాగాలు దొంగల పాలై ఆగిపోయింది. చెన్నై పెరంబూరు లోకో వర్క్స్ మళ్లీ ప్రాణం పోస్తే 2017లో పట్టాలెక్కింది. ప్రపంచమంతా పేరున్న ఇంజన్‌కే అలా జరిగితే, ఊరి చివర యార్డ్‌లో రాత్రి కాపలా లేని ఇంజన్ సంగతి ఊహించుకోవచ్చు. ప్రదర్శనకి అవసరం లేని ఇత్తడి భాగాలు విప్పి, నంబరు వేసి, తాళం గదిలో పెట్టడమే మేలు.

ఈఐఆర్-21 అనే ఆవిరి ఇంజన్ కథ మాత్రం ధైర్యమిస్తుంది. అదీ 1855 నాటిదే. 1909లో విధుల నుంచి తప్పించాక దాదాపు వందేళ్లు ప్రదర్శన వస్తువుగా ఉండిపోయింది. 2010లో పెరంబూరులోనే దాన్ని మళ్లీ నడిపించారు. అంటే నిలబెట్టిన ఇంజన్ శాశ్వతంగా పోయినట్టేం కాదు. కాకపోతే ఒక రైల్వే వర్క్‌షాప్ మొత్తం వెనకుండి నడిపిన పని అది. చిన్న యార్డ్‌కి అంత దన్ను ఉండదు. బ్రాడ్‌గేజ్‌లో మామూలు ఆవిరి సర్వీసులు 1995తో ముగిశాయి. అప్పటి ఫైర్‌మన్లు, బాయిలర్ ఫిట్టర్లు ఇప్పుడు పెద్దవయసు వాళ్లు. రాసిపెట్టిన మాన్యువల్‌లో లేనిదంతా వాళ్ల చేతుల్లోనే ఉంది: ఏ నట్టు ఎంత బిగించాలి, ఏ చప్పుడు మామూలుది, ఏది కాదు. హర్యానాలోని రేవాడీ షెడ్, తమిళనాడులోని పొన్మలై వర్క్‌షాప్ ఇప్పటికీ ఆవిరి పని తెలిసిన చోట్లు. విశాఖ యార్డ్ పిల్లల్ని నేర్చుకోవడానికి పంపాల్సింది అక్కడికే, అదీ ఇంజన్ కొనకముందు.

అరకు ఆశ

విశాఖలో ఈ చర్చ ఎక్కడ మొదలైనా అరకు దగ్గరికే వచ్చి ఆగుతుంది. అద్దాల కోచ్ 2017 నుంచి నడుస్తోంది కదా, దాని ముందు ఆవిరి ఇంజన్ పెడితే ఎంత బాగుంటుంది అని. బాగుంటుంది. కానీ అది ఖనిజం బండ్లతో కిటకిటలాడే కొత్తవలస–కిరండూల్ లైనే, పైగా 60 మీటర్లకి ఒక మీటరు చొప్పున ఎక్కుడు. ఆవిరి ఇంజన్ మధ్యలో నీళ్లు పట్టుకోవడానికి, మంట సరిచూసుకోవడానికి ఆగితే వెనక గూడ్స్‌లన్నీ ఆగాలి. పొడవాటి సొరంగాల్లో ఎక్కుడు మీద బొగ్గుపొగ కోచ్‌లలోకి, క్యాబ్‌లోకి కమ్ముకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, లైన్ మొత్తం నెత్తి మీద 25 వేల వోల్టుల తీగ ఉంది. టెండర్ మీదికెక్కి బొగ్గు సర్దడం, పొడవాటి ఇనుప కడ్డీతో మంట కెలకడం పాత ఫైర్‌మన్‌కి రోజువారీ పని. తీగ కింద అదే పని ప్రాణాంతకం. చిమ్నీ పొగ ఇన్సులేటర్ల మీద మసి పట్టించడం దాని తర్వాతి సమస్య.

యార్డ్‌లోనే తీగ లేని అర కిలోమీటరు సమతలపు లైన్ ఉంటే ఈ సమస్యలేవీ రావు. ఆ లైన్ పక్కన ముందుగా కట్టాల్సింది కింద నిలబడి పనిచేసుకునే పిట్, దాని మీద పైకప్పు. దిమ్మె, ఫౌంటెన్, సెల్ఫీ పాయింట్ అన్నీ ఆ తర్వాతే. ఆ కప్పు సంగతి కూడా తీరానికి తగ్గట్టు ఆలోచించాలి. మామూలు రేకుల షెడ్డు హుద్‌హుద్ లాంటి గాలికి నిలవదు, ఎగిరిన రేకు ఇంజన్ క్యాబ్‌కే తగులుతుంది. నాలుగు వైపులా మూసేస్తే లోపల తేమ ఉండిపోతుంది, పూర్తిగా తెరిచి పెడితే ఉప్పుగాలి నేరుగా వస్తుంది. సముద్రం వైపు గోడ, ఎదురు వైపు తెరుపు, కప్పు అంచుకీ గోడకీ మధ్య గాలి పోయే జాగా ఉంచడం మధ్యేమార్గం. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు చేయాల్సిన పనుల చిట్టా షెడ్డు గోడ మీదే రాసి ఉంచాలి: చిమ్నీ మూత బోల్టులు, క్యాబ్ కిటికీలకి పలకలు, చక్రాలకి వెడ్జిలు, గొలుసులు, బ్యాటరీ కనెక్షన్లు. తుపాను వెళ్లిపోయిన మర్నాడు మొదటి పని ఇంజన్లన్నిటినీ మంచినీళ్లతో కడగడం.